ఫైలు ఒకటే, పేర్లు నాలుగు: డిస్కులో చోటు మిగిల్చే హార్డ్ లింకుల సంగతి

డిస్కు నిండిపోయిందని సిస్టమ్ గోల పెట్టగానే చాలామంది పెద్ద ఫైళ్లు వెతికి డిలీట్ చేయడం మొదలుపెడతారు. కానీ కొన్నేళ్లుగా వాడుతున్న డిస్కు ఏదైనా తీసుకుని చూడండి, ఒకే ఫైలు మూడు నాలుగు చోట్ల కూర్చుని చోటు తినేస్తూ ఉంటుంది. ఫోన్ నుంచి ఫొటోలు ఒకసారి దించుకుంటాం, అన్నీ వచ్చాయో లేదో అని అనుమానం వచ్చి ఇంకోసారి దించుకుంటాం. 'బ్యాకప్', 'కొత్త బ్యాకప్', 'కొత్త బ్యాకప్ 2' అని ఫోల్డర్లు పుట్టుకొస్తాయి. పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా తెచ్చి ఒక మూల పడేసి తర్వాత సర్దుదాం అనుకుంటాం, ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదు. పోనీ ఈ కాపీలు డిలీట్ చేద్దామా అంటే అదో టెన్షన్, ఏ ప్రోగ్రామ్ ఏ కాపీని వెతుక్కుంటుందో ఎవరికి తెలుసు?

ఏ ఫోల్డర్లోంచీ ఒక్క ఫైలు పేరు కూడా పోకుండా ఆ చోటంతా వెనక్కి తెచ్చుకునే పద్ధతి ఒకటుంది. లినక్స్‌లో, మ్యాక్‌లో, ఆ మాటకొస్తే విండోస్‌లో కూడా ఉంది. దాన్నే హార్డ్ లింక్ అంటారు. ఇది బుర్రకెక్కాలంటే మాత్రం ముందు ఒక అలవాటు వదిలించుకోవాలి, ఫైలు అంటే దాని పేరే అనుకునే అలవాటు.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేస్తున్న రోజుల్లోనే పేరును, ఫైలును విడదీసేశారు. ఫైలు సైజు ఎంత, అది ఎవరిది, ఎవరు చదవొచ్చు, ఆఖరిసారి ఎప్పుడు మారింది, డేటా డిస్కు మీద ఏయే బ్లాకుల్లో (అంటే డిస్కును విడగొట్టిన చిన్న ముక్కల్లో) ఉంది, ఇదంతా ఐనోడ్ అనే చిన్న రికార్డులో ఉంటుంది. ప్రతి ఐనోడ్‌కీ ఒక నంబరు. ఇక ఫోల్డర్ అంటారా, అది ఉత్త పట్టిక: ఈ పేరుకి ఈ నంబరు, ఆ పేరుకి ఆ నంబరు, అంతే. 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లో ఆ పట్టికలో ఒక్కో వరుస 16 బైట్లు, అందులో 2 బైట్లు నంబరుకి, మిగిలిన 14 పేరుకి. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఐనోడ్ లోపల పేరు అనేదే లేదు. కాబట్టి రెండు వేర్వేరు ఫోల్డర్లలో రెండు వేర్వేరు పేర్లు ఒకే నంబరును చూపించినా సిస్టమ్‌కి ఏ ఇబ్బందీ లేదు. ఒకే ఇంటికి రెండు గుమ్మాలు ఉన్నట్టు, ఎటు నుంచి వెళ్లినా లోపలున్న సామాను అదే, ఇందులో ఇది అసలు గుమ్మం, అది నకిలీ అనే తేడా కూడా ఉండదు. ఇలా ఒకే ఐనోడ్‌కి పెట్టే ఇంకో పేరే హార్డ్ లింక్. నకలు ఫైలును తీసేసి దాని పేరును కూడా మొదటి ఐనోడ్‌కే కట్టేస్తే పేర్లు అలాగే ఉంటాయి, చోటు మిగులుతుంది.

తనకు ఎన్ని పేర్లున్నాయో ఐనోడ్ లెక్క పెట్టుకుంటుంది. ఫైలు డిలీట్ చేయడానికి మనం ఆర్ఎమ్ (rm) కమాండ్ కొట్టినప్పుడు నిజానికి జరిగేది ఒక పేరును పట్టిక నుంచి కొట్టేసి ఆ లెక్కలో ఒకటి తగ్గించడమే. ఆ పని కోసం ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగే పిలుపు (సిస్టమ్ కాల్) పేరు కూడా డిలీట్ కాదు, అన్‌లింక్. లెక్క సున్నాకి వచ్చి, ఆ ఫైలును ఏ ప్రోగ్రామూ తెరిచి ఉంచకపోతే అప్పుడే బ్లాకులు ఖాళీ అవుతాయి. (పెద్ద లాగ్ ఫైలు డిలీట్ చేసినా డిస్కులో చోటు పెరగలేదేంటి అని సర్వర్లు చూసుకునేవాళ్లు జుట్టు పీక్కునేది అందుకే, దాన్ని ఏదో ప్రోగ్రామ్ ఇంకా పట్టుకునే ఉంటుంది.)

లింక్ చేయడానికి టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) 'ఎల్ఎన్' (ln), ఉన్న ఫైలు పేరు, కొత్త పేరు ఇస్తే చాలు. చేశాక 'ఎల్ఎస్ -ఎల్ఐ' (ls -li) అని చూస్తే వరుస మొదట్లో ఐనోడ్ నంబరు, పర్మిషన్ల పక్కన లింకుల లెక్క కనిపిస్తాయి. రెండు పేర్లకూ నంబరు ఒకటే వస్తే పని అయినట్టే.

ఒక ఫైలుకి ఇలా చేయడం నిమిషం పని. అసలు తంటా అంతా లక్ష ఫైళ్లలో ఏవేవి ఒకేలా ఉన్నాయో పట్టుకోవడంలో ఉంది, నాకైతే ఈ సబ్జెక్టులో ఇదే సరదా భాగం. లక్ష ఫైళ్లలో ప్రతిదాన్నీ మిగతా అన్నిటితో పోల్చి చూడాలంటే దాదాపు 500 కోట్ల జతలు అవుతాయి, ఏ కంప్యూటరైనా చేతులెత్తేస్తుంది. అందుకని ఈ పని చేసే ప్రోగ్రాములు జల్లెడ పడతాయి. మొదటి వడపోత సైజు. సైజు ఐనోడ్‌లోనే ఉంది కాబట్టి ఫైలు తెరవక్కర్లేదు, ఒక్క బైటు తేడా ఉన్నా అవి ఒకటి కావు, అలా మొదటి దెబ్బకే చాలా ఫైళ్లు పక్కకు పోతాయి. సైజు కలిసిన వాటిలో మొదటి కాసిన్ని బైట్లు, కొన్ని ప్రోగ్రాములైతే చివరి బైట్లు కూడా చదువుతాయి. అక్కడా కలిస్తేనే ఫైలు మొత్తం చదివి హ్యాష్ లెక్కేస్తాయి. హ్యాష్ అంటే ఫైలు ఎంత పెద్దదైనా దాని నుంచి తీసే చిన్న సంఖ్య, దాన్ని తీసే పద్ధతులు చాలా ఉన్నాయి, ఎమ్‌డీ5 అనే పద్ధతి అయితే 128 బిట్లు, షా-256 అయితే పేరులోనే ఉంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ సంఖ్య గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఇప్పుడు జతల గొడవే లేదు, ఒక్కో ఫైలుకి ఒక్క హ్యాష్ తీసి ఒకే హ్యాష్ ఉన్నవాటిని ఒక గుంపుగా పెడితే సరి.

హ్యాష్ ఒకటే అయినంత మాత్రాన ఫైళ్లు ఒకటే అని గ్యారంటీయా అంటే, గణితం ప్రకారం కాదు. ఫైళ్లు లెక్కలేనన్ని, హ్యాష్‌లు పరిమితం, కాబట్టి ఎక్కడో రెండు ఢీకొనక తప్పదు. కాకతాళీయంగా అలా జరగడం మన డిస్కుల స్థాయిలో దాదాపు అసాధ్యమే గానీ కావాలని చేయడం మాత్రం సాధ్యమే. 2004లో చైనా పరిశోధకురాలు షియావ్‌యున్ వాంగ్ బృందం ఎమ్‌డీ5ని అలా దెబ్బకొట్టింది, 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థ పరిశోధకులు కలిసి, చూడ్డానికి వేర్వేరుగా ఉండి షా-1 అనే ఇంకో పద్ధతిలో హ్యాష్ మాత్రం ఒకటే వచ్చే రెండు పీడీఎఫ్‌లు తయారు చేసి చూపించారు. ఎవరో తెలివిగా తయారు చేసి పెట్టిన అలాంటి జత మీ డిస్కులో ఉందనుకోండి, హ్యాష్‌నే నమ్మే ప్రోగ్రామ్ రెండింటినీ ఒకటిగా కలిపేసి ఒకదాన్ని శాశ్వతంగా పోగొడుతుంది. అందుకే ఎఫ్‌డూప్స్ (fdupes) లాంటి నకళ్లు వెతికే ప్రోగ్రాములు హ్యాష్ కలిశాక కూడా బైటు బైటునా పోల్చి చూస్తాయి. ఆలస్యమైతే అవనీ, నేనైతే ఆ జాగ్రత్తకే ఓటు వేస్తాను.

వాడకంలో చెప్పాలంటే 'ఎఫ్‌డూప్స్ -ఆర్' (fdupes -r) అని ఫోల్డర్ పేరు ఇస్తే లోపలి ఫోల్డర్లన్నీ గాలించి జాబితా ఇస్తుంది, దేన్నీ ముట్టుకోదు. మొదట దాంతో పరిస్థితి చూసుకోండి. లింక్ చేయించడానికి అలాంటిదే ఇంకో ప్రోగ్రామ్ జేడూప్స్‌లో (jdupes) -ఆర్‌తో పాటు క్యాపిటల్ ఎల్ (-L) ఇవ్వాలి. ఇక్కడ కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, చిన్న ఎల్ (-l) కొడితే హార్డ్ లింకుకు బదులు సింబాలిక్ లింకులు చేసేస్తుంది, అవి వేరే జాతి. సింబాలిక్ లింక్ అనేది 'అసలు ఫైలు ఫలానా దారిలో ఉంది' అని రాసిపెట్టిన చీటీ, అసలుది తీసేస్తే చీటీ ఒట్టిదైపోతుంది. ఆర్‌డిఫైండ్ (rdfind) అనే ఇంకో ప్రోగ్రామ్‌లో డ్రైరన్ ఆప్షన్ ఉంది, ఏం చేయబోతోందో చెప్పి ఊరుకుంటుంది, ముందు అలా నడిపి చూసుకుని తర్వాతే మేక్‌హార్డ్‌లింక్స్ ఇవ్వడం మంచిది. అయితే అది చెక్‌సమ్ (అంటే హ్యాష్) మీదే ఆధారపడుతుంది, మామూలుగా షా-1 వాడుతుంది, కాబట్టి షా-256 అడిగి పెట్టుకోండి.

ఇంతవరకూ అంతా ఫ్రీగా వచ్చినట్టే ఉంది కదా. కానీ జాగ్రత్తగా ఆలోచిస్తే, లింక్ చేశాక మీ దగ్గర రెండు కాపీలు లేవు. ఉన్నది ఒక్కటే. ఒక పేరుతో తెరిచి లోపల మారిస్తే రెండో పేరుతో చూసినా మారిపోయే ఉంటుంది. పర్మిషన్లు, తేదీ కూడా ఐనోడ్‌లోనే ఉంటాయి కాబట్టి అవీ ఉమ్మడే. ఇంకా చికాకు ఏంటంటే, ఈ మారడం కూడా అన్నిసార్లూ ఒకేలా జరగదు. కొన్ని ఎడిటర్లు ఉన్న ఫైలులోనే రాస్తాయి, అప్పుడు అన్ని పేర్లకూ మార్పు కనిపిస్తుంది. కొన్ని కొత్త ఫైలు రాసి పాత పేరు దానికి పెడతాయి, అప్పుడు లింక్ చప్పుడు కాకుండా తెగిపోతుంది, మిగతా పేర్ల దగ్గర పాతదే ఉండిపోతుంది. టెర్మినల్ నుంచే ఫైలులో మాటలు మార్చే 'సెడ్ -ఐ' (sed -i) ఈ రెండో రకం. రెండు బాణం గుర్తులతో (>>) ఫైలు చివర ఏదైనా చేరిస్తే అది మొదటి రకం.

అందుకే ఇక మారవు అనుకున్న ఫైళ్లకే హార్డ్ లింకులు సరిపోతాయి. ఫొటోలు, వీడియోలు, డౌన్‌లోడ్ చేసిన ఇన్‌స్టాలర్లు, పాత బ్యాకప్‌లు, వీటిని నిరభ్యంతరంగా కలిపేయొచ్చు. రాస్తున్న డాక్యుమెంట్లు, కాన్ఫిగరేషన్ ఫైళ్లు, డేటాబేస్‌లు, వర్చువల్ మెషీన్ డిస్కుల జోలికి మాత్రం వెళ్లొద్దు. సున్నా సైజు ఫైళ్లను అసలే కలపకూడదు. అన్ని ఖాళీ ఫైళ్లూ ఒకదానికొకటి సమానమే కాబట్టి అన్నీ ఒకటైపోతాయి, మిగిలే చోటు ఏమీ లేదు, రేపు వాటిలో ఒకదాన్లో ఏదైనా రాస్తే అన్నిట్లోనూ అదే ప్రత్యక్షమవుతుంది. ఇక రెండు చోట్ల ఉంది కదా, ఒకటి పాడైనా ఇంకోటి ఉంటుందిలే అనే ధీమా లింకుల విషయంలో చెల్లదు. ఆ బ్లాకులు పాడైతే అన్ని పేర్లూ ఒకేసారి పోతాయి.

నిజానికి మీరు తెలియకుండానే వీటిని వాడుతూ ఉండొచ్చు. ప్రోగ్రామర్లు కోడు మార్పులు దాచుకునే గిట్‌లో ఒక రిపాజిటరీని (ప్రాజెక్టు ఫోల్డర్‌ని) అదే డిస్కులో క్లోన్ చేస్తే, అది లోపల దాచే ఆబ్జెక్టులు అనే ఫైళ్లను హార్డ్ లింక్ చేస్తుంది, ఒకసారి రాసిన ఆబ్జెక్టును మళ్లీ మార్చదు కాబట్టి దానికి భయం లేదు. ఫోల్డర్లను కాపీ చేసే ఆర్‌సింక్ (rsync) ప్రోగ్రామ్‌లో లింక్-డెస్ట్ ఆప్షన్ కూడా అంతే, రోజూ పూర్తి బ్యాకప్ ఫోల్డర్ కనిపిస్తుంది, డిస్కులో మాత్రం మారిన ఫైళ్ల చోటే పడుతుంది.

మారే ఫైళ్లకు ఇంకా మంచి దారి ఉంది, రిఫ్లింక్. ఇందులో రెండు ఫైళ్లకూ ఐనోడ్‌లు వేరే, డేటా బ్లాకులు మాత్రం ఉమ్మడి. ఒకదాన్ని మారిస్తే మారిన ముక్కను మాత్రం కొత్త చోట రాస్తుంది, రెండోది చెక్కుచెదరదు. డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అంటారు; వాటిలో బీటీఆర్ఎఫ్ఎస్, ఎక్స్ఎఫ్ఎస్, ఆపిల్ వాళ్ల ఏపీఎఫ్ఎస్‌లో ఇది ఉంది. డూప్‌రిమూవ్ అనే ప్రోగ్రామ్ లినక్స్‌లో ఈ పద్ధతిలో నకళ్లను కలుపుతుంది, పైగా కలిపే ముందు బైట్లు నిజంగా ఒకటేనా అని ఆపరేటింగ్ సిస్టమ్ గుండె లాంటి కెర్నెలే స్వయంగా చూసుకుంటుంది, హ్యాష్ ఢీకొన్నా ఏమీ కాదు. లినక్స్ మామూలు కమాండ్ల కట్ట అయిన కోర్‌యుటిల్స్‌లో 2021లో వచ్చిన 9.0 నుంచి అయితే ఫైళ్లు కాపీ చేసే సీపీ (cp) కమాండ్ తనంతట తానే ముందు రిఫ్లింక్ ప్రయత్నిస్తుంది. మీ ఫైల్ సిస్టమ్ దీనికి ఒప్పుకుంటే హార్డ్ లింకుల మాటే ఎత్తకండి. ఎక్కువమంది లినక్స్ వాడేది ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ మీద, అందులో ఇది లేదు, అందుకే హార్డ్ లింక్ ఇంకా బతికి ఉంది.

పరిమితులు కొన్ని. హార్డ్ లింక్ ఒకే ఫైల్ సిస్టమ్ లోపలే పనిచేస్తుంది, ఐనోడ్ నంబరుకి పక్క డిస్కులో అర్థం లేదు మరి. పెన్‌డ్రైవుల్లో ఉండే ఎఫ్ఏటీ, ఎక్స్‌ఎఫ్ఏటీలలో అసలు కుదరదు. ఒక ఫైలుకి ఈఎక్స్‌టీ4లో 65,000 పేర్ల దాకా పెట్టొచ్చు, విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో 1024.

చేశాక ఎంత మిగిలిందో 'డీఎఫ్' (df) కమాండ్ చెబుతుంది. ఒకవేళ అంకె కదలకపోతే స్నాప్‌షాట్లు (డిస్కు ఒకప్పటి స్థితిని దాచి ఉంచినవి) ఏమైనా ఉన్నాయేమో చూడండి, పాత బ్లాకులను అవి పట్టుకుని ఉంటాయి. ఫోల్డర్ సైజు చెప్పే 'డీయూ' (du) ఒక్కో ఐనోడ్‌ను ఒక్కసారే లెక్కిస్తుంది గానీ ఫైల్ మేనేజర్లు కొన్ని ప్రతి పేరునూ విడిగా కూడి పాత సైజే చూపిస్తాయి, కంగారు పడక్కర్లేదు. ఈ ఫోల్డర్లను ఇంకో డిస్కుకి కాపీ చేసేటప్పుడు మాత్రం 'సీపీ -ఏ' (cp -a) వాడండి, ఆర్‌సింక్ అయితే క్యాపిటల్ హెచ్ (-H) కూడా ఇవ్వండి, లేకపోతే ప్రతి పేరూ మళ్లీ ఒక పూర్తి ఫైలుగా విడిపోయి కొత్త డిస్కు సగంలోనే నిండిపోవచ్చు.