బ్రిటిష్, అమెరికన్ కథానికల్లో శైలి: అపోహలు - వాస్తవాలు

ఎం.ఏ. ఇంగ్లీషు తరగతిలో ఒక కథానిక ఇచ్చి అందులోని శైలీ సాధనాలను గుర్తించమంటే, విద్యార్థులు మొదట వెతికేది ఉపమలను, రూపకాలను. అవి కనిపించకపోతే ఆ కథలో శైలి అంటూ చెప్పుకోదగ్గదేమీ లేదని తేల్చేస్తారు. గైడ్లు ఈ అలవాటును మరింత పెంచుతున్నాయి. ఇరవయ్యో శతాబ్దపు బ్రిటిష్, అమెరికన్ కథానికలను బోధిస్తున్నప్పుడు నాకు తరచుగా ఎదురయ్యే అపోహలు కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: శైలీ సాధనాలంటే అలంకారాలే.

వాస్తవం: అలంకారాలు వాటిలో ఒక భాగం మాత్రమే. కథ ఎవరి గొంతుతో నడుస్తోంది, పాత్రకు ఎంత దగ్గరగా నిలబడి చెబుతోంది, ఏ సంగతిని చెప్పకుండా దాటేసింది, ఏ మాటను పదేపదే తెచ్చింది అన్నవన్నీ శైలికి సంబంధించిన నిర్ణయాలే. ఆధునిక కథానికలో అసలు పని చాలావరకు వీటి ద్వారానే జరుగుతుంది.

అపోహ: అమెరికన్ రచయిత హెమింగ్వేలా చిన్న వాక్యాల్లో సాదాగా రాస్తే అందులో విశ్లేషించడానికి ఏమీ ఉండదు.

వాస్తవం: ‘హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్’ (1927) చదివితే ఈ మాట నిలవదు. స్పెయిన్‌లోని ఎబ్రో లోయలో ఒక చిన్న స్టేషన్. బార్సిలోనా నుంచి మాడ్రిడ్ వెళ్లే రైలు 40 నిమిషాల్లో వస్తుంది. ఒక అమెరికన్, అతని వెంట ఉన్న అమ్మాయి బీరు తాగుతూ మాట్లాడుకుంటారు. అతను ఆమెను ఒప్పించాలని చూస్తున్నది గర్భస్రావానికి, కాని ఆ మాట కథలో ఎక్కడా రాదు. ఎవరు కోపంగా అన్నారో, ఎవరు నొచ్చుకుని అన్నారో కథకుడు చెప్పడు. ఇది చాలా చిన్న ఆపరేషన్ అని, నీకు ఇష్టం లేకపోతే వద్దని అతను మళ్లీ మళ్లీ అంటుంటాడు, అన్న ప్రతిసారీ ఒత్తిడి పెరుగుతుంది. చివరికి ఆమె ఇక మాట్లాడటం ఆపమని అడుగుతూ ‘ప్లీజ్’ అనే మాటను మధ్యలో ఒక్క కామా కూడా లేకుండా వరుసగా ఏడుసార్లు అంటుంది. ఆమె సహనం నశించిందని వేరే చెప్పవలసిన అవసరం కథకుడికి కలగదు.

ఇంకా సూక్ష్మమైనది ముగింపుకు ముందు వస్తుంది. అతను సామాను స్టేషన్ అవతలి వైపు పెట్టి, తిరిగి వస్తూ బార్‌లో ఒక గ్లాసు తాగి, అక్కడ ఉన్నవాళ్లను చూస్తాడు. వాళ్లంతా ‘సబబుగా’ రైలు కోసం ఎదురుచూస్తున్నారని కథనం చెబుతుంది. ఎక్కడా అభిప్రాయం చెప్పని కథనంలో ఈ ఒక్క క్రియావిశేషణం కథకుడిది కాదు, అతనిది. లోకమంతా సబబుగానే ఉంది, తన పక్కనున్న మనిషే అలా లేదు అన్న అతని ఫిర్యాదు అందులో ఉంది. ఈ కథ కెమెరాలా అంతా బయటినుంచే చూస్తుందని రాసేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అన్నట్టు, రాయకుండా వదిలేసినదే రచనకు బలమిస్తుందని చెబుతూ, మంచుకొండలో ఎనిమిదో వంతే నీటిపైన ఉంటుందన్న హెమింగ్వే మాటను (1932) అందరూ ఉటంకిస్తారు. తెలిసి వదిలేస్తేనే ఆ బలం వస్తుందని, తెలియక వదిలేస్తే రచనలో బోలు మిగులుతుందని అక్కడే ఆయన చెప్పిన షరతును మాత్రం ఎవరూ తలచుకోరు.

అపోహ: ప్రథమ పురుషలో (‘అతను’, ‘ఆమె’ అంటూ) రాసిన కథలో ప్రతి వాక్యమూ రచయిత అభిప్రాయమే.

వాస్తవం: న్యూజిలాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ ‘మిస్ బ్రిల్’ (1920) కథనంలో వ్యాకరణం ప్రథమ పురుషదే అయినా, ఉత్సాహమూ, చిన్న చిన్న తీర్పులూ, ఆశ్చర్యార్థకాలూ ఒంటరి అయిన మిస్ బ్రిల్‌వి. దీన్నే స్వేచ్ఛా పరోక్ష కథనం అంటున్నాం. ఆదివారం పార్కులో బెంచీల మీద కూర్చున్న ముసలివాళ్లను చూసి, చీకటి గదుల్లోంచో, అల్మారాల్లోంచో వచ్చినట్టున్నారని ఆమె అనుకుంటుంది. ఒక యువజంట ఆమెనూ, మెడలోని ఆమె ఉన్నితోలునూ (ఫర్) ఎగతాళి చేశాక ఆమె ఇంటికి వెళ్తుంది. అప్పుడు ఆమె గది అల్మారా లాంటిదని కథనం చెబుతుంది. ఆమె ఏడ్చిందని ఎక్కడా లేదు. ఉన్నితోలును పెట్టెలో పెట్టి మూత వేస్తున్నప్పుడు ఏదో ఏడుస్తున్నట్టు ఆమెకు వినిపించిందని మాత్రమే ఉంది. ఆ ఏడుపు ఎవరిదో ఒప్పుకోలేని మనసుకు కథనం చివరిదాకా అంటిపెట్టుకుని ఉంది కనుకనే ఈ వాక్యం సాధ్యమైంది.

అపోహ: ఆధునిక కథలో అలంకృత శైలికి చోటు లేదు.

వాస్తవం: ఏంజెలా కార్టర్ ‘ద బ్లడీ చేంబర్’ (1979) రంగులతో, పరిమళాలతో, నగలతో నిండిన పొడవాటి వాక్యాల కథ. అందులో పెళ్లికూతురి మెడకు బిగిసిన కెంపుల హారం కోసిన గొంతును తలపిస్తుంది, తర్వాత ఆమె తల నరకడానికే భర్త సిద్ధపడతాడు. అక్కడ అలంకారం ఇతివృత్తాన్ని ముందే చెప్పేసింది.

అపోహ: మంచి కథానికకు కొసమెరుపు ఉండి తీరాలి.

వాస్తవం: ఇది ఓ. హెన్రీ కథలు పాఠ్యపుస్తకాల్లో మిగిల్చిన నమ్మకం. షిర్లీ జాక్సన్ ‘ద లాటరీ’ (1948) ఊహించని ముగింపు గల కథగానే పేరుపడింది, కాని రెండో పేరాలోనే పిల్లలు జేబుల్లో రాళ్లు నింపుకుంటూ కనిపిస్తారు. మనం వాటిని పట్టించుకోకపోవడానికి కారణం కథనపు స్వరం. జూన్ 27, ఎండ కాసిన ఉదయం, విరగబూసిన పూలు, భోజనాల వేళకు ఇళ్లకు చేరిపోవచ్చన్న లెక్క, ఇవన్నీ ఊరి వార్త రాసే విలేకరి ధోరణిలో సాగుతాయి. ఒక మనిషిని రాళ్లతో కొట్టేటప్పుడు కూడా ఆ స్వరం మారదు. పాఠకుణ్ణి కలవరపెట్టేది ఆ మారకపోవడమే.

అపోహ: అమెరికన్ రచయిత రేమండ్ కార్వర్ కథల్లోని పొదుపంతా కార్వర్‌దే.

వాస్తవం: 1981లో వచ్చిన ఆయన సంపుటిని సంపాదకుడు గోర్డన్ లిష్ దాదాపు సగానికి కుదించారు. అందులోని ‘ద బాత్’ కథలో ఆసుపత్రిలో ఉన్న పిల్లవాడు ఏమయ్యాడో తేలకుండానే ఫోను మోగి కథ ఆగిపోతుంది. 1983 సంపుటిలో అదే కథ ‘ఎ స్మాల్, గుడ్ థింగ్’గా విస్తరించింది, అక్కడ పిల్లవాడు చనిపోతాడు, తల్లిదండ్రులు బేకరీకి వెళ్లి, దాని యజమాని పెట్టిన రొట్టె తింటారు. కత్తిరింపులకు ముందున్న ప్రతి ‘బిగినర్స్’ పేరుతో 2009లో అచ్చయింది. కాబట్టి 1981 సంపుటి ఆధారంగా కార్వర్ శైలి గురించి వ్యాసం రాసే విద్యార్థి, తాను చూపుతున్న మౌనం రచయితదో సంపాదకుడిదో ఈ ప్రతులను పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి.