మొక్క ఒరిగిందనగానే కర్ర కట్టేస్తున్నారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ ఫ్లాట్లలో మొక్కలు చూసుకోవడమే నా పని. వాట్సాప్‌లో నాకు ఎక్కువగా వచ్చే ఫొటో ఒకటే: హాల్లో సోఫా పక్కన రబ్బరు మొక్క, మొదలు గోడ దగ్గర, తల కిటికీ వైపు. కింద ప్రశ్న కూడా ఒకటే, "కర్ర కట్టాలా అండీ?" కట్టొచ్చు, కాకపోతే ఎందుకు ఒరిగిందో చూశాక.

అపోహ: బలం లేక ఒరిగింది, ఎరువు వేస్తే నిలబడుతుంది.

చాలాసార్లు కారణం వెలుతురు ఒక్క వైపు నుంచే రావడం. చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను నీడ వైపుకు ఎక్కువగా చేరుతుంది, అటు కణాలు ఎక్కువ సాగుతాయి, దాంతో కాండం వెలుతురు వైపు వంగుతుంది. చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల కొసలకు టోపీల్లాంటివి తొడిగి చూసి, కొస మూస్తే మొలక వెలుతురు వైపు వంగడం లేదని 1880లోనే రాశారు. చీకటి మూలలో ఉన్న మొక్కకు యూరియా వేస్తే అది ఇంకా సన్నగా సాగి ఇంకాస్త వాలుతుంది, అంతే.

అపోహ: ఇండోర్ మొక్కకు ఎండ పొడ అక్కర్లేదు.

ఇండోర్ మొక్క అనే జాతి ఏదీ లేదండీ, అది నర్సరీ బోర్డు మీది మాట. కిటికీకి రెండు మూడు అడుగుల లోపే పెట్టండి. ఇంకో సంగతి, చలికాలంలో మన ఊళ్లో దక్షిణం కిటికీ నుంచి ఎండ గది లోపలిదాకా వస్తుంది, అదే మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి ఆ కిటికీలోకి నేరుగా ఎండ రాదు. జనవరిలో నిటారుగా ఉన్న మొక్క వానాకాలానికి పక్కకు వాలిందంటే మొదట అక్కడే చూస్తాను. అలాగని ఏప్రిల్‌లో తీసుకెళ్లి పడమటి బాల్కనీలో పెట్టకండి. నా ఫిడిల్ లీఫ్ ఫిగ్ అనే పెద్దాకుల మొక్క ఆకుల్ని నేనే అలా ఒక్క మధ్యాహ్నంలో మాడ్చుకున్నాను.

అపోహ: అటుది ఇటు తిప్పేస్తే వంకర పోతుంది.

ఒకేసారి సగం తిప్పి నెలలపాటు వదిలేస్తే మెలిక తిరుగుతుంది. వారానికి పావు వంతు చాలు. మర్చిపోయేవాళ్లు కుండీ మీద సుద్దముక్కతో గీత పెట్టుకోండి. ఇలా తిప్పితే పచ్చగా, లేతగా ఉన్న భాగం సర్దుకుంటుంది, చెక్కబారిన మొదలు మాత్రం అలాగే ఉంటుంది. మరీ ఒంకరైతే వానలు మొదలయ్యాక కణుపుకి కొంచెం పైన కోసేయండి, కింద నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి. రబ్బరు మొక్క పాలు చేతికి తగిలితే దురద, గ్లోవ్స్ వేసుకోండి.

అపోహ: కర్రకి ఎంత బిగించి కడితే అంత మంచిది.

గాలికి కాస్త ఊగే కాండమే లావెక్కుతుంది. పాత కాటన్ చీర పీలికతో, ఎనిమిది అంకె ఆకారంలో, వదులుగా కట్టండి. ప్లాస్టిక్ దారం కాండంలోకి దిగిపోతుంది. కర్రని కుండీ మార్చేటప్పుడే పెట్టేస్తే వేళ్లు తెగవు.

ఇవన్నీ చేసే ముందు ఒక్కసారి మొదలు పట్టుకుని మెల్లగా కదపండి. మట్టిలో పన్ను కదిలినట్టు కదిలితే వెలుతురు గొడవ కాదు, వేరు కుళ్లు అయ్యుండొచ్చు. కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు, జిగట మట్టి, రోజూ ఒక చెంబు నీళ్లు పోసే అలవాటు, సాధారణంగా ఈ మూడూ కలిసే ఉంటాయి. కుండీలోంచి తీసి, మెత్తబడి నల్లగా అయిన వేళ్లు కోసేసి, ఎర్రమట్టిలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఇసుక, కొద్దిగా వర్మీకంపోస్టు కలిపి మళ్లీ నాటండి. ఇక్కడ కర్ర ఎంత కట్టినా లాభం లేదు.

చివరగా మనీ ప్లాంట్. కిందికి వేలాడితే డబ్బు పోతుందట కదా అని మియాపూర్‌లో ఒక ఆంటీ అడిగారు. వాస్తు నాకు తెలియదు గానీ అది పాకే తీగ, దాన్ని నిటారుగా నిలబడమనడమే తప్పు. కొబ్బరి పీచు చుట్టిన కర్ర పెట్టి, పీచు తడిగా ఉంచమన్నాను, పైకి పాకితే ఆకులు పెద్దవవుతాయి కాబట్టి. ఆర్నెల్లకి ఆకుల ఫొటో పంపారు, అరచేతికన్నా పెద్దవి. డబ్బు సంగతి మాత్రం చెప్పలేదు.