మారిషస్‌లో ఆ చిన్న దీవికి గైడ్ లేకుండా ఎందుకు వెళ్లనివ్వరంటే

సిక్కోలు వైపు నుంచి మారిషస్ టూరుకి వెళ్లేవాళ్లు బీచ్‌లు చూసి వచ్చేస్తుంటారు. ఆగ్నేయ తీరంలో మహేబూర్ దగ్గర, ఒడ్డు నుంచి కిలోమీటరు కూడా లేని దూరంలో ఇల్ ఒ ఎగ్రెట్ అనే దీవి ఉంది. మొత్తం 26 హెక్టార్లు, అంటే సుమారు 64 ఎకరాలు. సొంతంగా పడవ మాట్లాడుకుని వెళ్తే కుదరదు, గైడ్ వెంటే నడవాలి. ఇంత స్ట్రిక్టా అని విసుక్కునే ముందు దీని వెనక కథ తెలియాలి, ఎందుకంటే అందులో మనవాళ్లూ ఉన్నారు.

1598లో డచ్చివాళ్లు దిగేనాటికి మారిషస్‌లో మనుషుల్లేరు, గబ్బిలాలు తప్ప క్షీరదాలే లేవు. అందుకే డోడోకి పారిపోవడం తెలియదు. ఓడలతో ఎలుకలు, పందులు, కోతులు దిగాక వందేళ్లలోపే అది మాయమైంది. పెద్ద తాబేళ్లని మాంసం కోసం ఓడలకెత్తుకుపోయారు. మన తునికి చెట్టుకి దగ్గర చుట్టమైన ఎబొనీని నల్లటి చేవ కోసం నరికారు.

ఇక మిగిలిన అడవిని తినేసింది చెరకు. బానిసత్వం రద్దయ్యాక, 1834 నుంచి బ్రిటిష్ వాళ్లు ఆ తోటలకి భారతీయుల్ని ఒప్పంద కూలీలుగా తీసుకెళ్లారు. అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి, అంటే ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం నేల నుంచి కూడా జనం కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కారు. అక్కడ వాళ్లని కోరంగీలనేవారు, ఇవాళ వాళ్ల వారసులకి ఉగాది ప్రభుత్వ సెలవు. అడవి పోయిన పాపం ఆ కూలీలది కాదు, వాళ్లని అంత దూరం లాక్కెళ్లిందీ ఆ చెరకే. ఇప్పుడు మారిషస్‌లో చెడిపోకుండా ఉన్న సహజమైన అడవి 2 శాతం కూడా లేదు.

ఇల్ ఒ ఎగ్రెట్ మాత్రం పగడపు రాయి, చెరకు వేయడానికి సరైన మట్టే లేదు. కట్టెల కోసం కొట్టినా మోళ్లు మళ్లీ చిగిర్చాయి. అలా తీరప్రాంతపు ఎబొనీ అడవి ఇక్కడ కాస్త మిగిలింది. 1965లో దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 1980ల మధ్య నుంచి మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ వాళ్లు ఎలుకల్ని, పిల్లుల్ని లేకుండా చేసి, మన దగ్గర పేపర్ మిల్లులకి పెంచే సుబాబుల్ అక్కడ కలుపైపోతే దాన్ని చేత్తో పీకి, స్థానిక మొక్కలు నాటారు. 1990ల మొదట్లో అడవిలో పదికి దిగిపోయిన గులాబీ పావురాన్ని 1994లో ఇక్కడ వదిలారు. ఇప్పుడు మారిషస్ మొత్తం మీద అవి వందల్లో ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది తాబేళ్ల సంగతి. ఎబొనీ పండు తల్లిచెట్టు కిందే రాలిపోతుంది, దూరం మోసే జీవి లేదు. అందుకని అక్కడ అంతరించిన పెద్ద తాబేళ్ల బదులు సీషెల్స్‌లోని అల్దాబ్రా తాబేళ్లని 2000లో తెచ్చి వదిలారు. అవి పండు మింగి, మెల్లగా నడుచుకుంటూ పోయి ఎక్కడో పేడ వేస్తాయి, ఆ పేడలోంచి మొలక వస్తుంది. కడుపులోంచి వచ్చిన గింజే బాగా మొలకెత్తుతోందని పరిశోధనలో కూడా తేలింది.

మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరివాళ్లు పక్షుల్ని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. 2018లో తిత్లీ తుఫానుకి అక్కడ చెట్లు కూలాయి. కానీ ఆ కొంగలకి, గూడబాతులకి రెక్కలున్నాయి, ఇంకో చెరువు వెతుక్కోగలవు. దీవిలో మిగిలిన తీరపు ఎబొనీకి ఇంకో చోటు లేదు. 2020 జులై 25న వకాషియో అనే ఓడ దగ్గర్లోనే పగడపు దిబ్బకెక్కి, ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల ఆయిల్ కారినప్పుడు, నర్సరీ నుంచి వేల మొక్కల్ని ఒడ్డుకి తరలించాల్సి వచ్చింది. జనం చెరకు ఆకు సంచుల్లో కుక్కి నీళ్ల మీద అడ్డుకట్టలు కట్టారు.

వెళ్లాలంటే పాయింట్ జెరోమ్ దగ్గర ఫౌండేషన్ పడవ ఎక్కాలి. టికెట్ డబ్బు ఈ పనులకే వెళ్తుంది, సుబాబుల్ పీకడం ఇంకా అయిపోలేదు.