కలిసి చదివితే మనసు గాయం మానుతుందా?

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్లజాతి సైనికుల కోసం 1923లో అమెరికాలోని టస్కీగీలో ఒక ఆసుపత్రి తెరిచారు. అక్కడ నల్లజాతి డాక్టర్లు పనిచేయకూడదంటూ ఆ ఏడాదే తెల్లజాతి ఆధిపత్యం కోరే కూ క్లక్స్ క్లాన్ అనే ముఠా ఊరేగింపు తీసింది. దేశం తరఫున పోరాడినవాళ్లకు ఆసుపత్రిలో కూడా జాతి ద్వేషం తప్పలేదు.

మరుసటి ఏడాది సేడీ పీటర్సన్ డిలేనీ అక్కడికి లైబ్రేరియన్‌గా వచ్చారు. డాక్టర్లతో మాట్లాడి, ఏ రోగికి ఏ పుస్తకం పనికొస్తుందో చూసి ఇచ్చేవారు. చూపు పోయినవాళ్లకు నేర్పడం కోసం తాను బ్రెయిలీ నేర్చుకున్నారు. చదివినదాని గురించి రోగులు కలిసి మాట్లాడుకునే బృందాలు నడిపారు. పుస్తకాన్ని వైద్యానికి తోడు చేసిన ఈమె పేరు మనకు ఇంతగా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

2020లో మినియాపొలిస్‌లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి చనిపోయాక, అమెరికాలో ఎంతోమంది లైబ్రరీల్లో, చర్చిల్లో, ఇళ్లలో జాతి వివక్ష గురించిన పుస్తకాలను ఇలా కలిసి చదవడం మొదలుపెట్టారు. తమకు జరగనిదానికి కూడా మనుషులు ఇంతగా కుంగిపోతారా? 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం లక్షకు పైగా నల్లజాతివారి జవాబులను పరిశీలించింది. ఆయుధం లేని నల్లజాతి మనిషిని పోలీసులు చంపితే, ఆ తర్వాతి నెలల్లో అదే రాష్ట్రంలోని మిగతా నల్లజాతివారి మానసిక ఆరోగ్యమూ దెబ్బతింటోందని తేలింది. తెల్లవారిలో ఆ ప్రభావం కనబడలేదు. 2017లో కాన్సాస్‌లో హైదరాబాద్‌కు చెందిన శ్రీనివాస్ కూచిభొట్లను జాతి ద్వేషంతో కాల్చి చంపినప్పుడు, ఆయన ముఖం కూడా ఎరగని తెలుగువాళ్లు బయట తెలుగులో మాట్లాడడానికే భయపడ్డారు.

ఇలా కలిసి చదవడం చేసే పనికి మెదడులో కొంత ఆధారం ఉంది. భయం, కోపం నిండిన ముఖాల ఫొటోలు చూస్తూ ఆ భావానికి తగిన మాటను ఎంచుకున్నవారిలో, ప్రమాదానికి స్పందించే అమిగ్డలా అనే మెదడు భాగం చురుకుదనం తగ్గిందని 2007లో మనస్తత్వ శాస్త్రవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం చూపించింది. సొంత అనుభవం నోట రానివాళ్లకు పుస్తకంలోని మనిషి ఆ మాట అందిస్తాడు. "ఆ పేజీలో ఆమెకు ఎలా ఉండుంటుంది?" అని మొదలుపెట్టడం, "నీకేం జరిగింది?" అని అడగడం కంటే తేలిక.

అయితే తెల్లవాళ్లు, నల్లవాళ్లు కలిసి కూర్చున్నచోట, నల్లవాళ్లే తమ బాధ చెప్పి మిగతావాళ్లకు పాఠం చెప్పాల్సిన పరిస్థితి వస్తుంది. అది మళ్లీ గాయపరచడమే. కొన్ని బృందాలు మొదట విడివిడిగా కూర్చుని, తర్వాత కలుస్తాయి. నాకు అదే సరైనదనిపిస్తుంది. చదువుతుండగా ఎవరికైనా గుండె దడ వస్తే పుస్తకం మూసి కాసేపు ఆగాలి. పీడకలలు, నిద్రలేమి వదలకపోతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి. ఆ కౌన్సెలర్ ఫోన్ నంబరు బృందంలో అందరి దగ్గరా మొదటి రోజు నుంచే ఉండాలి.