మడికొండ నుంచి మామునూరు దాకా: ఓరుగల్లు ఐటీ కల ఎక్కడ మలుపు తిరిగింది?

మామునూరు విమానాశ్రయం ముచ్చట వచ్చినప్పుడల్లా వరంగల్‌లో దాని వెంటే ఇంకో మాట వస్తుంది. రన్‌వే పడితే కంపెనీలొస్తాయి, కంపెనీలొస్తే మన పిల్లలు హైదరాబాద్ పోవాల్సిన పని ఉండదు అని. 2024 నవంబర్‌లో 2041 మాస్టర్ ప్లాన్‌కు ఆమోదం దొరికిన దగ్గర్నుంచి ఈ మాట మరీ గట్టిగా వినిపిస్తోంది. విమానాశ్రయానికి కావాల్సిన భూమి విషయం తేలకపోతే ఊరు వెనకబడుతుందని ఒకరన్నారు, మా భూమికి న్యాయమైన ధర కట్టకుండా ఊరి బాగు మా నెత్తిన పెట్టొద్దని రైతులన్నారు. ఈ తగాదా వెనక కథ చెప్పడానికి 1959లో నెహ్రూ ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీ ఆర్ఈసీకి (ఇప్పటి ఎన్ఐటీ) పునాదిరాయి వేసిన రోజు దాకా పోనక్కర్లేదు. ఆ కథ ఊళ్ళో అందరికీ తెలుసు. 2020 జనవరి 7 నుంచి మొదలుపెడితే చాలు.

ఆ రోజు అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్ వరంగల్ పక్కనున్న మడికొండలో టెక్ మహీంద్రా, సైయంట్ క్యాంపస్‌లను ప్రారంభించారు. ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు జాగాలిచ్చే ఏపీఐఐసీ కాలం నుంచి సెజ్ (పన్ను రాయితీలుండే ప్రత్యేక ఆర్థిక మండలి) బోర్డు పెట్టుకుని కంపెనీల కోసం ఎదురుచూసిన జాగా అది. ఊళ్ళోవాళ్ళు నిజంగా సంబరపడ్డారు, నేనూ సంబరపడ్డాను. ఆ తర్వాత పదకొండు వారాలకు దేశమంతా లాక్‌డౌన్ పడింది.

నా దృష్టిలో అసలు మలుపు ఆ లాక్‌డౌన్ తర్వాతి రెండేళ్ళే.

మా గల్లీలో అప్పుడు ఏడిండ్లకు పిల్లలు తిరిగొచ్చారు. హైదరాబాద్, బెంగళూరు, పుణె కంపెనీల్లో పనిచేసేవాళ్ళు. ఎదురింటి పిల్లగాడు మేడ మీద బియ్యం బస్తాలు పెట్టుకునే గదిని ఖాళీ చేయించి, చెల్లె పరీక్షలకు కొన్న టేబుల్ అక్కడ వేసుకున్నాడు. రౌటర్‌ను కిటికీ చువ్వకు తాడుతో కట్టాడు, ఎందుకంటే గది లోపలికి సిగ్నల్ అందేది కాదు. పొద్దున పదింటికి వాళ్ళమ్మ చట్నీకి మిక్సీ వేస్తే పైనుంచి కేక వచ్చేది: "అమ్మా, కాల్ నడుస్తుంది, జర ఆపు!" కరెంటు పోతే పని ఆగొద్దని ఇన్వర్టర్ కొన్నారు. సాయంత్రం వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి పోతే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నడుస్తూనే మేనేజర్‌తో ఇంగ్లిష్‌లో మాట్లాడే పిల్లలు ఎందరో కనబడేవారు. వాళ్ళ జీతాలు హన్మకొండలోనే ఖర్చయ్యేవి. కర్రీ పాయింట్లకు గిరాకీ పెరిగింది, పాత ఇండ్ల మీద కొత్త గదులు లేచాయి.

ఏ జీవో లేకుండా, ఎకరం భూమి తీసుకోకుండా వరంగల్ ఆ రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ ఊరైంది. ఎన్నో ఏళ్ళుగా ఏ ప్రణాళిక పిలిచినా రాని మనుషులు ఒక జబ్బు భయంతో ఇంటికొచ్చారు. వచ్చినవాళ్ళను ఉంచుకోవడమే అప్పుడున్న పని. దానికి మన దగ్గర ఏర్పాటేమీ లేకపోయింది.

మడికొండ సెజ్ ఎందుకు అక్కరకు రాలేదో చూద్దాం. సెజ్‌లో పన్ను రాయితీ కావాలంటే పని ఆ ప్రహరీ లోపలే జరగాలి, అసలు నియమం అది. కరోనా కాలంలో సడలింపులిచ్చారు గానీ, ఇంటి నుంచి పనికంటూ సెజ్ నిబంధనల్లో ప్రత్యేకంగా ఒక నియమం చేర్చింది 2022 జూలైలో, అదీ మొదట సగం మంది ఉద్యోగుల వరకే. ఇంకో సంగతి ఏమిటంటే, సెజ్‌లో కొత్తగా పెట్టే యూనిట్లకు ఆదాయపు పన్ను మినహాయింపు గడువు 2020 మార్చి 31. కరోనా వల్ల కొన్ని నెలలు పొడిగించి ఆపేశారు. అంటే మడికొండ గేటు తెరుచుకున్న సంవత్సరమే సెజ్ అనే మాటకున్న బలం సగానికి పైగా పోయింది. మనం మాత్రం ఆ బోర్డునే నమ్ముకుని కూర్చున్నాం.

ఆ రోజుల్లో కావాల్సింది చాలా చిన్నది. నయీంనగర్‌లోనో బాలసముద్రంలోనో ఒక అంతస్తు, నిలకడైన ఇంటర్నెట్, జనరేటర్, ఏ కంపెనీ ఉద్యోగి అయినా వచ్చి కూర్చునే వీలు. "మీ వాళ్ళు మూడొందల మంది ఇక్కడే ఉన్నారు, వాళ్ళకో ఆఫీసు పెట్టండి" అని పేర్లు చూపించి అడిగేందుకు ఒక జాబితా. ఊళ్ళోనే కూర్చుని ఎవరెవరు ఏ కంపెనీకి పనిచేస్తున్నారో ఒక్కరూ లెక్క రాయలేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం సరికాదు. 2020 చివర్లో గ్రిడ్ పేరుతో విధానం తెచ్చారు, హైదరాబాద్‌కు పడమట కుక్కుకున్న ఐటీని మిగతా వైపులకూ పరచడం దాని ఉద్దేశం. అదే ఏడు జూలైలో కరీంనగర్ ఐటీ టవర్, 2023లో సిద్దిపేట, నిజామాబాద్ టవర్లు తెరుచుకున్నాయి. 2021 చివర్లో జెన్‌ప్యాక్ట్ వరంగల్‌లో కేంద్రం పెడతామంది. ఇవన్నీ భవనం కట్టి, కంపెనీని పిలిచే పద్ధతిలో సాగిన పనులు. మనుషులు ఎక్కడున్నారో చూసి అక్కడికి ఆఫీసును తీసుకుపోయే ఆలోచన వాటిలో నాకు కనబడలేదు.

2022 వేసవిలో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. కంపెనీలు పిల్లలను తిరిగి ఆఫీసుకు రమ్మని మెయిళ్ళు పంపడం మొదలుపెట్టాయి. మా గల్లీ ఏడిండ్లలో ఐదు మళ్ళీ ఖాళీ అయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఏప్రిల్ 30న, వరంగల్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా భూమిని ల్యాండ్ పూలింగ్‌లో, అంటే రైతుల భూములు కలిపి తీసుకుని అభివృద్ధి చేశాక కొంత భాగం తిరిగిచ్చే పద్ధతిలో, తీసుకుంటామని కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ప్రకటించింది. ఊరి భవిష్యత్తు కోసమే అన్నారు. రైతులు రోడ్డెక్కారు, గ్రామసభల్లో అధికారులను నిలదీశారు. కొన్ని వారాలకే ప్రభుత్వం ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంది. రేపటి ఊరి కోసం 21 వేల ఎకరాలు అడిగిన వ్యవస్థకు, వచ్చి ఉన్న ఐటీ వాళ్ళ కోసం ఒక్క అంతస్తు అద్దెకు తీసుకోవాలని తోచలేదు. తర్వాత మామునూరు దగ్గర రైతులు ఎందుకు నమ్మలేదంటే, వాళ్ళకు గుర్తున్నది ఆ వేసవి.

దీనికి ప్రణాళిక పక్షం వాళ్ళ జవాబు ఒకటుంది, హైదరాబాద్ ప్రభుత్వ ప్రణాళికతోనే కదా ఐటీ నగరమైంది అని. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన మాట నిజమే. కానీ అంతకు 30 ఏళ్ళ ముందే, 1967లో, అక్కడ ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది. రక్షణ ప్రయోగశాలలు, బీహెచ్ఈఎల్ ఉన్నాయి. సైయంట్ అనే ఈ కంపెనీ కూడా 1991లో ఇన్ఫోటెక్ పేరుతో అక్కడే మొదలైంది. ఒకచోట ఉద్యోగం పోతే రెండు కిలోమీటర్లలో ఇంకోటి దొరికేంత మంది ఇంజనీర్లు పోగయ్యాక సైబర్ టవర్స్ వచ్చింది. పైగా 2013లో కేంద్రం ఐటీఐఆర్ అనే పెద్ద ఐటీ పెట్టుబడుల ప్రాంతానికి ఒప్పుకున్నప్పుడు 202 చదరపు కిలోమీటర్లూ హైదరాబాద్ చుట్టూనే గీశారు. ఆ పథకం తర్వాత అటకెక్కింది గానీ, వరంగల్‌కు అందులో చోటెందుకు లేదని అప్పుడు గట్టిగా అడిగినవాళ్ళు తక్కువ.

ఇక మామునూరు. 1930లో నిజాం కట్టించిన ఈ విమానాశ్రయం 1981 దాకా నడిచింది. శంషాబాద్ విమానాశ్రయం కోసం జీఎంఆర్‌తో 2004లో కుదిరిన ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న షరతు పెట్టారు, 25 ఏళ్ళకు. హైదరాబాద్‌కు మేలు చేసిన ప్రణాళిక వరంగల్ తలుపు మూసింది. ఆ షరతు నుంచి జీఎంఆర్ సడలింపు ఇచ్చాక 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతించింది. మర్నాడు ఆ ఘనత ఎవరిదని రెండు పార్టీల కార్యకర్తలు మామునూరులో తోసుకున్నారు. ఉన్న 696 ఎకరాలకు తోడు ఇంకో 253 ఎకరాలు కావాలన్నారు, దానికి రాష్ట్రం 205 కోట్లు మంజూరు చేసింది. ఆ ఎకరాలు నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడెపల్లి రైతులవి. రోడ్డు పక్క భూమికి బయట పలికే ధర వేరు, సర్కారు పుస్తకంలో ఉండే ధర వేరు. ఆ తేడా పూడ్చమన్నందుకు వాళ్ళను అభివృద్ధికి అడ్డమంటే నేను ఒప్పుకోను. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ కపుర్తలాకు తరలిపోయిందన్న బాధ ఇప్పటికీ ఆరని ఊరు ఇది. ఇక్కడ మాట మీద నమ్మకం ఊరికే రాదు.

విమానాశ్రయం రావాలి, నాకు అనుమానం లేదు. విదేశీ క్లయింటు పొద్దున దిగి రాత్రికి పోగలిగితే కంపెనీ పెద్దలు ఈ ఊరి పేరు వింటారు. అయితే ఐటీ ఉద్యోగం చేసే మన పిల్లలు ఎక్కేది విమానం కాదు. సోమవారం తెల్లవారుజామున కాజీపేట స్టేషన్‌కు పోయి చూడండి, వీపుకు ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో పచ్చడి సీసాల సంచి పట్టుకుని సికింద్రాబాద్ బండి కోసం నిలబడ్డవాళ్ళు కనబడతారు. మా ఎదురింటి పిల్లగాడూ వాళ్ళలో ఉంటాడు. మేడ మీద గదిలోకి బియ్యం బస్తాలు మళ్ళీ చేరాయి గానీ, టేబుల్ తియ్యలేదు. కిటికీకి కట్టిన రౌటర్‌కు వాళ్ళమ్మ నెలనెలా బిల్లు కడుతూనే ఉంది. ఎందుకమ్మా అనడిగితే, "మళ్ళ ఇంటి నుంచే చెయ్యమంటరేమో బిడ్డా, అప్పుడు కనెక్షన్ లేకపోతే ఎట్ల?" అంది.