ఫిలిప్పీన్స్ సినిమా అంటే మురికివాడలేనా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ప్రపంచ సినిమా మీద క్లాసులు చెప్పడం, వీలున్నప్పుడల్లా నలుగురిని పోగేసి సినిమాలు వేసి చూపించడం నా పని. ఫిలిప్పీన్స్ సినిమా అనగానే సినిమా పిచ్చి ఉన్నవాళ్లు "ఎనిమిది గంటల సినిమాలు తీస్తారే, వాళ్లా" అంటారు. మిగతావాళ్లు "అక్కడ కూడా సినిమాలు తీస్తారా" అంటారు, పిల్లల్ని దవావోలో ఎంబీబీఎస్ చదివిస్తున్న తల్లిదండ్రులతో సహా. 1919 నుంచీ తీస్తున్నారండీ. ఆ ఏడాది హోసే నెపోముసెనో తీసిన ‘దలాగాంగ్ బుకిద్’ వాళ్ల తొలి ఫీచర్ సినిమా. తరచూ వినపడే మాటలు కొన్ని ఒకచోట పెట్టి నాకు తెలిసినంతలో జవాబు రాస్తున్నాను.

అపోహ: పేదరికం చూపించి విదేశాల్లో అవార్డులు కొట్టడమే వాళ్ల సినిమా

ఈ మాట మనకంటే ఫిలిప్పీన్స్ వాళ్లే ఎక్కువ అంటారు, అదీ తిట్టినట్టు. ఆ తిట్టు మీదే 2011లో ‘ఆంగ్ బబాయె సా సెప్టిక్ ట్యాంక్’ అని ఒక కామెడీ తీశారు. ముగ్గురు కుర్ర ఫిల్మ్‌మేకర్లు ఆస్కార్ మీద కన్నేసి ఒక పేద తల్లి కథ పట్టుకుంటారు. దాన్ని ఎంత దరిద్రంగా చూపిస్తే అంత లాభం అని కాఫీ షాపులో కూర్చుని లెక్కలేసుకుంటారు. జనం ఎగబడి చూశారు. కాబట్టి ఆ రకం సినిమాలు లేవని నేననను.

కానీ ఆ తిట్టు తీసుకెళ్లి లీనో బ్రోకా అనే దర్శకుడికి అంటిస్తే మాత్రం ఒప్పుకోను. ఆయన ‘ఇన్సియాంగ్’ 1978లో కేన్స్‌లో డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ అనే విభాగానికి వెళ్లింది, కేన్స్‌లో పడిన మొదటి ఫిలిప్పీన్స్ సినిమా అదే. అయితే అది కేన్స్ కోసం తీసింది కాదు. అంతకు రెండేళ్ల ముందు, 1976లో, మెట్రో మనీలా ఫిల్మ్ ఫెస్టివల్‌లో మామూలు టికెట్టు కొనుక్కునే జనం కోసం వచ్చింది. తల్లి తెచ్చిపెట్టుకున్న ప్రియుడు కూతుర్ని పాడుచేస్తాడు, తల్లి కూతుర్నే తప్పుపడుతుంది, కూతురు నిదానంగా పగ తీర్చుకుంటుంది. ఇది పచ్చి మెలోడ్రామా, మన పాత సినిమాల్లో దొరికే సరుకే. తేడా ఎక్కడంటే ఆయన దాన్ని మనీలాలోని టోండో మురికివాడలో, కాలవ పక్క గుడిసెల మధ్య తీశాడు. ఇరుకు గదిలో ముగ్గురు పడుకుంటే ఏం జరుగుతుందో ఆ గోడలే చెప్తాయి. అక్కడ పేదరికం వెనక కనపడే సీనరీ కాదు, అసలు కథ నడవడానికి కారణమే అది.

అపోహ: ఆర్ట్ సినిమా వాళ్లు వేరు, మసాలా సినిమా వాళ్లు వేరు

నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పాలనుకునేది ఇదే. మనం గీసుకున్న ఆ గీత అక్కడ చాలా పల్చన.

దర్శకుడు లావ్ డియాజ్‌నే తీసుకోండి. 2016లో బెర్లిన్‌కి వెళ్లిన ఆయన సినిమా నిడివి 485 నిమిషాలు. అందులో నటించిన జాన్ లాయిడ్ క్రూజ్, పియోలో పాస్కువల్ ఇద్దరూ ఆడపిల్లలు ఫొటోలు దాచుకునే ప్రేమకథల హీరోలు. అదే ఏడాది వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచిన ‘ఆంగ్ బబాయెంగ్ హుమాయో’లో, చేయని నేరానికి ముప్పై ఏళ్లు జైల్లో మగ్గిన స్త్రీగా నటించిన చారో సాంటోస్ అంతకుముందు ఏం చేసేవారో తెలుసా? దేశంలోకెల్లా పెద్ద టీవీ నెట్‌వర్క్‌కి, ఏడుపు సీరియళ్లు ఫ్యాక్టరీలా తయారుచేసే ఏబీఎస్-సీబీఎన్‌కి, అధినేత్రి. ఇక డియాజ్ తొలి సినిమాలు తీసింది ‘పీతో-పీతో’ పద్ధతిలో, అంటే ఏడు రోజుల్లో షూటింగ్, ఇంకో ఏడు రోజుల్లో ఎడిటింగ్, డబ్బింగ్ అన్నీ ముగించాలి. ఎనిమిది గంటల సినిమా తీసే మనిషి చేయి తిరిగింది అక్కడ!

ఇంకోటి. రికీ లీ అనే రచయిత ‘హిమాలా’ రాశాడు, అది వాళ్ల క్లాసిక్కుల్లో క్లాసిక్. థియేటర్లో జనం కర్చీఫులు తడుపుకున్న ‘అనక్’ రాసినవాళ్లలోనూ ఆయన ఉన్నాడు.

అపోహ: హిట్టయినవన్నీ ఏడుపు, ప్రేమ, వాటిలో సమాజం ఏముంటుంది

దీనికి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫిలిప్పీన్స్‌ని అర్థం చేసుకోవాలంటే నేను ముందు చూడమనేది ఈ ఏడుపు సినిమాలనే.

1974లో అధ్యక్షుడు మార్కోస్ ప్రభుత్వం లేబర్ కోడ్ తెచ్చి, పనివాళ్లను విదేశాలకు పంపడాన్ని ప్రభుత్వ విధానంగా మార్చింది. దేశంలో ఉద్యోగాల్లేవు, చమురు ధరలు పెరిగి డాలర్లకు కటకట, కొన్నాళ్లు ఇలా నెట్టుకొద్దాం అనుకున్నారు. ఆ కొన్నాళ్లు ఇంకా అవ్వలేదు. ఇప్పుడు బయట నుంచి వచ్చే డబ్బు వాళ్ల జీడీపీలో ఎనిమిది, తొమ్మిది శాతం దాకా ఉంటుంది. నర్సులు, ఓడల్లో పనిచేసేవాళ్లు, ఇంటిపనివాళ్లు. అందరినీ కలిపి ‘ఓఎఫ్‌డబ్ల్యూ’ (ఓవర్సీస్ ఫిలిపినో వర్కర్) అంటారు, మనవాళ్లు ‘గల్ఫోళ్లు’ అన్నంత మామూలుగా. మన మగవాళ్లు ఎక్కువగా వెళ్తే, వాళ్లలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్తారు. అంటే ఇంట్లో తల్లి ఉండదు.

2000లో వచ్చిన ‘అనక్’ ఈ ఖాళీ గురించే. హాంకాంగ్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన జోసీగా విల్మా సాంటోస్ నటించింది. భర్త చనిపోయినప్పుడు కూడా రాలేకపోయిన మనిషి. పెట్టె నిండా బహుమతులతో దిగుతుంది. చిన్నదానికి తల్లి మొహమే కొత్త, పెద్దకూతురికి తల్లంటే అసహ్యం. కూతురు తాగుతుంది, మగాళ్లతో తిరుగుతుంది, తల్లి అడిగితే నువ్వెవరు అడగడానికి అన్నట్టు చూస్తుంది. తల్లి చెడ్డది కాదు, కూతురూ చెడ్డది కాదు, మధ్యలో ఉన్నది విమానం టికెట్టు. డబ్బు పంపేవాళ్ల మీద ఇంట్లో పేరుకునే కోపాన్ని ఇంత సూటిగా చూపించిన తెలుగు సినిమా నాకైతే తట్టడం లేదు. రాయచోటి నుంచి, కోనసీమ నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు మన దగ్గరా తక్కువేం లేరు, మరి వాళ్ల కథలు తెర మీదకి ఎన్ని వచ్చాయో మీరే చెప్పండి.

దీనికి ముందు 1995 గుర్తుపెట్టుకోవాలి. సింగపూర్‌లో ఇంటిపని చేసే ఫ్లోర్ కాంటెంప్లాసియన్‌ను హత్య కేసులో ఆ ఏడాది మార్చి 17న ఉరి తీశారు. ఆమె నిర్దోషి అని నమ్మిన జనం రోడ్ల మీదకొచ్చారు, విదేశాంగ మంత్రి రాజీనామా చేయాల్సొచ్చింది, వలస కార్మికుల రక్షణ కోసం కొత్త చట్టం వచ్చింది. అదే ఏడాది నోరా ఆనర్‌తో ఆమె మీద సినిమా కూడా వచ్చేసింది. ఇది వ్యాపారమా, సంతాపమా అంటే రెండూను. వాళ్ల కమర్షియల్ సినిమాకి ఈ తొందర ఉంది, గాయం ఆరకముందే తెర మీద పెట్టేస్తుంది. కొన్నిసార్లు అది చవకబారుగా ఉంటుంది, నిజమే.

తర్వాత తరానికి వచ్చేసరికి ఏడుపు తగ్గింది. 2019 నాటి ‘హలో, లవ్, గుడ్‌బై’లో అమ్మాయి హాంకాంగ్‌లో ఇంటిపని చేస్తూ కెనడా వెళ్లాలని చూస్తుంటుంది, ఇంతలో ప్రేమలో పడుతుంది. ప్రేమా, వీసానా అన్నప్పుడు వీసా గెలుస్తుంది, ప్రేక్షకులు దానికి చప్పట్లు కొట్టారు. అప్పటికి దేశంలో అత్యధిక వసూళ్ల రికార్డు దానిదే. 2024లో వచ్చిన రెండో భాగం కెనడాలోనే నడుస్తుంది, వంద కోట్ల పెసోలు దాటిన తొలి ఫిలిప్పీన్స్ సినిమా అయింది. ఒక దేశంలో అతి పెద్ద హిట్టు ప్రేమకథ వలస కాగితాల చుట్టూ తిరుగుతోందంటే సమాజం గురించి ఇంకేం చెప్పాలి?

అపోహ: మార్కోస్ కాలంలో మంచి సినిమా అంటే ప్రభుత్వానికి ఎదురుతిరిగిందే

కథ ఇంత సులువుగా లేదు. 1972లో మార్షల్ లా పెట్టాక స్క్రిప్టులు ముందే చూపించాల్సొచ్చేది. ఇష్మాయెల్ బెర్నాల్ ‘మనీలా బై నైట్’ తీస్తే, నగరం పరువు పోతోందని పేరు మార్పించి, డైలాగుల్లో మనీలా అన్న మాటే లేకుండా చేశారు. 1984లో బ్రోకా సినిమా ప్రింటును కేన్స్‌కి దొంగతనంగా తరలించాల్సొచ్చింది, మరుసటి ఏడాది జీప్నీ (అక్కడి షేర్ బండి) డ్రైవర్ల సమ్మెకు మద్దతిచ్చినందుకు ఆయన్ని జైల్లో పెట్టారు. ఇదంతా నిజం.

కానీ అదే బెర్నాల్ 1982లో తీసిన ‘హిమాలా’కి డబ్బు పెట్టింది మార్కోస్ ప్రభుత్వ సంస్థే, దాని బాధ్యతలు చూసింది మార్కోస్ కూతురు. ఇంకా విచిత్రం, మార్కోస్ భార్య ఇమెల్డా ముచ్చటపడి కట్టించిన మనీలా ఫిల్మ్ సెంటర్. అంతర్జాతీయ ఫెస్టివల్ ముహూర్తానికి అందాలని రాత్రింబవళ్లు పని చేయిస్తుంటే 1981 నవంబర్‌లో పరంజా కూలి, తడి సిమెంటులో పడి కూలీలు చనిపోయారు. ఫెస్టివల్ మాత్రం ఆగలేదు. తర్వాత డబ్బులు చాలక అదే భవనంలో సెన్సార్ లేని బూతు సినిమాలు వేశారు!

సర్కారు, దర్శకుల సంబంధం ఇప్పటికీ అంత ముడే. బ్రియాంటే మెండోజా 2016లో ‘మా రోసా’ తీశాడు. చిల్లరకొట్టు వెనక మత్తుమందు అమ్ముకునే తల్లిని పోలీసులు పట్టుకుంటారు, లంచం డబ్బు కోసం పిల్లలు ఊరంతా తిరుగుతారు. అందులో నటించిన జాక్లిన్ హోసేకి కేన్స్‌లో ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఆ వేసవిలోనే డుటెర్టే గద్దెనెక్కి డ్రగ్స్ మీద యుద్ధం అంటూ మొదలుపెట్టాడు, అధ్యక్షుడి వార్షిక ప్రసంగం టీవీ ప్రసారానికి దర్శకత్వం వహించింది ఇదే మెండోజా. నాకు ఆ పని నచ్చలేదు. అందుకని ‘మా రోసా’ చెడ్డ సినిమా అయిపోదు.

అపోహ: క్యాథలిక్ దేశం కదా, సినిమాలన్నీ భక్తిగా ఉంటాయి

‘హిమాలా’ చూస్తే ఈ మాట మళ్లీ అనరు. కరువొచ్చిన ఊళ్లో ఎల్సా అనే పిల్ల మేరీమాత కనపడిందంటుంది, రోగాలు నయం చేస్తుంది, ఊరికి జనం పోటెత్తుతారు. వాళ్లతోపాటు హోటళ్లు, బొమ్మల దుకాణాలు, వేశ్యాగృహం కూడా వస్తాయి. చివర్లో వేలమంది ముందు నిలబడి మహిమలు లేవని, దేవుళ్లనీ శాపాలనీ పుట్టించేది మనుషులేనని ఆమె చెప్పే మాటలు అక్కడ చిన్న పిల్లలకు కూడా నోటికొచ్చు. బాబాల దగ్గర క్యూలు చూసి పెరిగిన మనకు ఈ సినిమాకి పెద్దగా పరిచయం అక్కర్లేదు.

చర్చి పట్టు ఇంకోచోట కూడా కనపడుతుంది. వాటికన్‌ని పక్కనపెడితే, ముస్లింలకు తప్ప మిగతావాళ్లకు విడాకుల చట్టం లేని దేశం అదొక్కటే. భర్త, భార్య, మధ్యలో ఇంకో ఆడది అనే సినిమాలు అక్కడ అంత ఆడడానికి ఇదో కారణమని నా అభిప్రాయం. తలుపు మూసేసిన ఇంట్లో గొడవ చూడ్డం జనానికి ఆసక్తే కదా.

అపోహ: గే పాత్రలు అన్ని ఉన్నాయంటే అక్కడ అందరూ ఒప్పుకున్నట్టే

కామెడీకి ఒప్పుకున్నారు, చట్టానికి ఇంకా ఒప్పుకోలేదు. వివక్ష నిషేధ బిల్లు రెండు దశాబ్దాలకు పైగా పార్లమెంటులో నలుగుతూనే ఉంది. ఈ తేడా చూడాలంటే 2016 నాటి ‘డై బ్యూటిఫుల్’ చూడండి. చనిపోయిన ట్రాన్స్ బ్యూటీ క్వీన్‌ని మగవాడి బట్టల్లో పూడ్చాలంటాడు తండ్రి. స్నేహితులు శవాన్ని ఎత్తుకుపోయి రోజుకో సెలబ్రిటీలా మేకప్ వేస్తారు. నవ్వొస్తుంది, నవ్వినందుకు ఇబ్బందిగానూ ఉంటుంది.

అపోహ: తెల్లగా ఉంటేనే హీరోయిన్

ఇది సగం నిజం. స్పానిష్, అమెరికన్ పోలికలున్న మొహాలే చాలాకాలం రాజ్యమేలాయి. అందుకే ఇరిగా రైల్వే స్టేషన్లో మంచినీళ్లు అమ్మిన పొట్టి, నల్ల పిల్ల నోరా ఆనర్ పాటల పోటీ గెలిచి సూపర్‌స్టార్ అవడం అంత పెద్ద విషయమైంది. పనిమనుషులు, కూలీలు తమ మొహాన్ని తెర మీద చూసుకున్నారు. 2022లో ప్రభుత్వం ఇచ్చే నేషనల్ ఆర్టిస్ట్ గౌరవం దక్కింది, 2025 ఏప్రిల్‌లో కన్నుమూసింది. ఆమె తర్వాత దారి తెరుచుకుందా అంటే, ఫెయిర్‌నెస్ క్రీముల ప్రకటనలు చూస్తే అలా అనిపించదు. మనం కూడా హీరోయిన్లను ఎక్కడెక్కడి నుంచో తెచ్చుకుంటాం కాబట్టి ఈ విషయంలో ఎక్కువ మాట్లాడకపోవడమే మంచిది.

అపోహ: ఫిలిప్పీన్స్ సినిమా అంటే తగలోగ్ సినిమా

కాదు. తగలోగ్ మనీలా వైపు భాష. సెబువానో భాషా సినిమాకి సొంత చరిత్ర ఉంది, దక్షిణాన ఉన్న మిందనావో నుంచి తౌసుగ్ భాషలో కూడా సినిమాలొచ్చాయి. మనీలా థియేటర్లలో వాటికి చోటు తక్కువ, అంతే.

అపోహ: పాత సినిమాలన్నీ ఎక్కడో భద్రంగా ఉంటాయి, తీరిగ్గా చూడొచ్చు

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తీసినవాటిలో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైన చెప్పిన 1919 సినిమా ప్రింటు లేదు. మనీలా నగరం 1945 యుద్ధంలో బూడిదైంది, ఆపై ఉక్కపోత, నిర్లక్ష్యం మిగతా పని పూర్తిచేశాయి. ‘హిమాలా’ 2012లో, బ్రోకా సినిమాలు రెండు ఆ తర్వాతి కొన్నేళ్లలో రిస్టోర్ అయ్యాయి కాబట్టి శుభ్రంగా దొరుకుతున్నాయి. ముందు ‘అనక్’, తర్వాత ‘ఇన్సియాంగ్’, ఆపైన ‘హిమాలా’ చూడండి. ఎనిమిది గంటలది ఓపికుంటేనే. మిగతావాటికి ఎక్కడైనా మసక ప్రింటు, వంకర సబ్‌టైటిల్స్‌తో దొరికినా సరే చూసేయండి, మంచి కాపీ వచ్చాక చూద్దాంలే అని ఆగితే అది రాకపోవచ్చు.