12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు 16 వోల్టుల కెపాసిటర్ ఎందుకు చాలదు?

అల్లూరు వైపు రొయ్యల చెరువులు సాగు చేసే పాఠకుడొకరు కరెంటు పోతే మోగే అలారం సొంతంగా తయారు చేసుకున్నారు. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్ల బ్రిడ్జి, 16 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. ఎండలు ముదిరేసరికి కెపాసిటర్ పైభాగం ఉబ్బిపోయింది. "12 కంటే 16 ఎక్కువే కదండీ?" అని ఆయన ప్రశ్న.

చెరువు కట్ట ఎంత ఎత్తు వేయాలో ఆయనకు నేను చెప్పనక్కర్లేదు. కాలువలో మామూలు రోజు ఉండే నీటిమట్టం చూసి ఎవరూ కట్ట పోయరు. అమావాస్య, పౌర్ణమి పోటుకు నీరు ఎంతవరకు ఎక్కుతుందో చూసి, ఆపైన మరికొంత మట్టి వేస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసే 12 మామూలు మట్టం. ఏసీ అల శిఖరం దానికి 1.414 రెట్లు, అంటే దాదాపు 17 వోల్టులు. కెపాసిటర్ ఆ శిఖరం దాకా నిండుతుంది. మన తరగతుల్లో ఈ 1.414ను రెండు మార్కుల ప్రశ్నగా నేర్పి వదిలేస్తారు. అది అసలు అవసరపడేది ఇక్కడే.

పోటు ఇంకా ఉంది. పగలు ఏరేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) ఆపగానే లైను వోల్టేజి లేస్తుంది. 230 కాస్తా 253 అయితే మన 12 వోల్టులు 13.2 అవుతాయి. పైగా ఈ అలారంలో ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) తప్ప లోడు, అంటే కరెంటు లాగేది, ఇంకేమీ లేదు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడు లేనప్పుడు 15 శాతం దాకా ఎక్కువ ఇవ్వడం మామూలే: 15.2. దాన్ని 1.414తో గుణించి, డయోడ్లలో పోయే 1.4 వోల్టులు తీసేస్తే మిగిలేది 20. పదహారు వోల్టుల కట్ట మీద ఇరవై వోల్టుల నీరు!

లోపల ఏం జరుగుతుందన్నదే నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. అల్యూమినియం రేకు మీద పెంచిన ఆక్సైడ్ పొరే ఇందులో ఇన్సులేటర్. దాని మందం వోల్టుకు సుమారు 1.4 నానోమీటర్లు. అంటే ఆ పొర సెంటీమీటరుకు 70 లక్షల వోల్టుల క్షేత్రాన్ని ఆపుతోంది. గాలి 30 వేల దగ్గరే చేతులెత్తేస్తుంది. తయారీలో పొరను కెపాసిటర్ మీద రాసే రేటింగు కంటే కొంత ఎక్కువ వోల్టేజి దగ్గరే పెంచుతారు కాబట్టి వెంటనే పేలదు. కానీ హద్దు దాటేకొద్దీ పొర గుండా కారే లీకేజి కరెంటు పెరుగుతుంది. పొర మళ్లీ మందం కావడానికి ఎలక్ట్రోలైట్‌లోని నీటిని వాడుకుంటుంది, రెండో రేకు దగ్గర హైడ్రోజన్ పుడుతుంది. వేడి, దానితో మరింత లీకేజి, మరింత వాయువు. పైన గీతలు గీసి ఉంచేది ఆ వాయువు అక్కడే చీల్చుకుని బయటపడాలని.

కొందరు రిపేరుకు వచ్చిన స్టెబిలైజరుకు గూడూరు నిమ్మకాయ కడతారు. దానివల్ల నష్టం లేదు. "35 వోల్టుల కెపాసిటర్ వేస్తే సెట్‌కు 35 వోల్టులు వెళ్తాయి" అనే నమ్మకం మాత్రం నష్టమే. ఆ అంకె తట్టుకోగల హద్దు, ఇచ్చే వోల్టేజి కాదు. ఆయన పెట్టెకు 25 సరిపోతుంది, నెల్లూరు ఎండకు 35 వోల్టులు, 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునేది మేలు. సైజు, నాలుగు రూపాయల ధర తప్ప పోయేదేమీ లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా 230ని డీసీ చేసే ఎస్‌ఎంపీఎస్‌లలో (టీవీ, కంప్యూటర్ల పవర్ సప్లైలలో) శిఖరం 325 వోల్టులు, లైను లేస్తే 358. అందుకే అక్కడ 400 లేదా 450 వోల్టులవే వేస్తారు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా వాటిలో ప్రాణాంతకమైన చార్జి నిలిచి ఉండవచ్చు. రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరుతో చూశాకే చేయి పెట్టాలి.